జయగీతము, విలాపగీతము: టెలివిజన్ పోటీ తరువాత మాండీసా సంగీత పరిచర్య (2006–2024) – చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతము

టెలివిజన్ పాటల పోటీకీ సంఘ చరిత్రకూ సంబంధము లేదని అనిపించవచ్చును. కానీ గత రెండు దశాబ్దములలో అమెరికాలో గాస్పెల్ పాట పాడేవారు లోకానికి పరిచయమైన ద్వారములలో ఇటువంటి పోటీ ఒకటి. ఆ ద్వారము గుండా వచ్చినవారిలో మాండీసా లిన్ హండ్లీ ఒకరు. 2006లో 'అమెరికన్ ఐడల్' పోటీలో ఆమెకు దక్కినది తొమ్మిదవ స్థానము మాత్రమే. 2014లో ఆమెకు గ్రామీ పురస్కారము లభించింది. 2024 ఏప్రిల్ 18న, 47 ఏండ్ల వయస్సులో, టెన్నెస్సీ రాష్ట్రములోని ఫ్రాంక్లిన్ పట్టణములో తన ఇంటిలో మరణించారు.

పోటీ, పురస్కారము, మరణము అను ఈ మూడు విషయములే చెప్పి ఊరుకుంటే అది వార్త మాత్రమే అవుతుంది. వాటి మధ్య జరిగినది సంఘము ఆలోచించవలసిన చరిత్ర. జయించుటను గూర్చి పాడిన గాయని తానే చీకటిలో పడినప్పుడు, ఆ చీకటిలో పాడుకొనుటకు ఆమె చేతికి ఏ పాట అందింది? ఆమెను పెంచిన సంగీత సంప్రదాయములో అట్టి పాటలు పుష్కలముగా ఉన్నవి. ఆమెను ప్రసిద్ధి చేసిన సంగీత రంగములో అవి అరుదు. ఈ రెంటి నడుమ ఉన్న దూరమును పరిశీలించుటే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

1. ఫిస్క్ వారసత్వము

మాండీసా 1976 అక్టోబరు 2న కాలిఫోర్నియా రాష్ట్రములో జన్మించారు. సంగీతములో పట్టా కొరకు నాష్‌విల్ నగరములోని ఫిస్క్ విశ్వవిద్యాలయములో చేరారు. ఈ సంస్థ పేరు నల్లజాతి క్రైస్తవ సంగీత చరిత్రలో విడదీయరానిది.

అంతర్యుద్ధము ముగిసిన మరుసటి సంవత్సరము, అనగా 1866లో, దాస్యము నుండి విడుదల పొందినవారి విద్య కొరకు ఫిస్క్ ప్రారంభమైనది. అయిదేండ్లు గడిచేసరికి అప్పులు మూతపడే స్థితికి తెచ్చినవి. అప్పుడు కోశాధికారియు సంగీత ఉపాధ్యాయుడునైన జార్జ్ వైట్, 1871 అక్టోబరు 6న తొమ్మిదిమంది విద్యార్థులను వెంటబెట్టుకొని విరాళముల కొరకు ప్రయాణమయ్యాడు. లేవీయకాండము 25వ అధ్యాయములోని సునాద సంవత్సరమును తలంచుకొని ఆ బృందమునకు 'జూబిలీ సింగర్స్' అని పేరు పెట్టాడు. 1873లో వారు ఇంగ్లాండులో విక్టోరియా రాణి ఎదుట పాడారు. వారు తెచ్చిన డబ్బుతో కట్టిన జూబిలీ హాలు 1876లో ప్రతిష్ఠింపబడింది.

ఇందులో మరువరాని సంగతి ఒకటున్నది. తమ తలిదండ్రులు దాస్యములో పాడుకొనిన 'స్పిరిచ్యువల్స్' అను భక్తి గీతములను పరుల ఎదుట పాడుటకు ఆ విద్యార్థులు మొదట జంకారు. బృందములో పియానో వాయించిన ఎల్లా షెప్పర్డ్ ఈ జంకును గూర్చి తరువాత వ్రాసింది. ఆ పాటలు వారికి పరిశుద్ధమైనవి. అవి అమ్మకపు సంతలలో విడిపోయిన కుటుంబముల ఏడుపును మోసిన పాటలు. వాటిని వేదిక ఎక్కించి టిక్కెట్టు పెట్టి వినిపించవచ్చునా అనునదే వారి సంశయము. అవసరము వారిని వేదిక ఎక్కించింది. వేదిక వారి పాటను కాపాడింది, కొంత మార్చింది కూడా. టెలివిజన్ కాలపు గాయకులకు ఎదురైన ప్రశ్న కొత్తది కాదని దీనిని బట్టి గ్రహింపవచ్చును.

2. గాస్పెల్, సోల్: ఒక గొంతు, రెండు వేదికలు

ఇరువదవ శతాబ్దపు గాస్పెల్ సంగీతమునకు పితామహుడని పేరుపొందిన థామస్ డార్సీ మొదట 'జార్జియా టామ్' అను పేరుతో బ్లూస్ వాయించినవాడు. 1932లో అతడు సెయింట్ లూయిస్ నగరములో కూడికలకు వెళ్ళియుండగా, ప్రసవములో భార్య చనిపోయినదను వార్త అందింది. పుట్టిన బిడ్డయు దక్కలేదు. ఆ దుఃఖములో వ్రాసినదే 'ప్రెషస్ లార్డ్, టేక్ మై హ్యాండ్' అను పాట. తరువాతి కాలములో మార్టిన్ లూథర్ కింగ్ కు అది ప్రియమైన గీతమైనది. 1968లో ఆయన భూస్థాపన సందర్భముగా మహాలియా జాక్సన్ దానిని పాడింది. నల్లజాతి గాస్పెల్ సంగీతమునకు తలమానికమైన ఈ పాట ఒక విలాపము.

అదే గొంతు గుడి దాటి బయటకు వచ్చినప్పుడు దానికి 'సోల్' అని పేరు వచ్చింది. 1954లో రే చార్లెస్ ఒక గాస్పెల్ పాట బాణీ ఆధారముగా ప్రేమపాట చేసినప్పుడు అనేక విశ్వాసులు నొచ్చుకొన్నారు. 'సోల్ స్టిరర్స్' అను గాస్పెల్ బృందములో ప్రధాన గాయకుడైన శామ్ కుక్ 1957లో లౌకిక సంగీతములోనికి మారినప్పుడు అదే అలజడి కలిగింది. డెట్రాయిట్ లో కాపరి కుమార్తెగా పెరిగిన అరీతా ఫ్రాంక్లిన్ ఈ దారిలో రెండు వైపులా నడిచింది. సోల్ గాయనిగా శిఖరము చేరిన తరువాత, 1972 జనవరిలో లాస్ ఏంజిలిస్ లోని ఒక బాప్టిస్టు సంఘ మందిరములోనే 'అమేజింగ్ గ్రేస్' అను ఆల్బమును రికార్డు చేసింది.

వేదాంతి జేమ్స్ కోన్ తన 'ది స్పిరిచ్యువల్స్ అండ్ ది బ్లూస్' (1972) గ్రంథములో ఈ రెండు ధారలును ఒకే ప్రజల ఒకే అనుభవము నుండి పుట్టినవని వాదించాడు. ఆయన దృష్టిలో బ్లూస్ లౌకికమైన స్పిరిచ్యువల్స్. ఈ సంప్రదాయము అంతటిలో ఒక లక్షణము స్పష్టముగా కనబడుతుంది. ఏడ్పును దాటవేసి స్తుతిలోనికి దూకుట అందులో లేదు. ఏడ్పు స్తుతిలోనికి నడిచివచ్చును. ఒక్కొక్కసారి రాకయు పోవచ్చును.

3. 2006: పోటీ వేదిక

బ్రిటన్ లో 2001లో మొదలైన 'పాప్ ఐడల్' నమూనాతో 2002లో 'అమెరికన్ ఐడల్', 2004లో 'ఇండియన్ ఐడల్' వచ్చినవి. మాండీసా పాడిన 2006వ సంవత్సరములోనే 'ఇండియన్ ఐడల్' రెండవ సీజన్ లో మన హైదరాబాదు గాయకుడు కారుణ్య తుది పోటీ వరకు వెళ్ళాడు. కనుక ప్రజల ఓటుతో గాయకుని ఎన్నుకొనే ఈ విధానము మన పాఠకులకు పరిచయమైనదే.

అమెరికాలో ఈ పోటీకి వచ్చినవారిలో ఎందరో సంఘ గాయక బృందములలో పెరిగినవారు. 2003 విజేత రూబెన్ స్టడార్డ్ తొలి ఆల్బము 'సోల్‌ఫుల్' లౌకికమైనది. మరుసటి సంవత్సరమే అతడు 'ఐ నీడ్ యాన్ ఏంజెల్' అను గాస్పెల్ ఆల్బము తెచ్చాడు. 2004 విజేత ఫాంటేజియా, అదే సంవత్సరము ఏడవ స్థానములో నిలిచిన జెన్నిఫర్ హడ్సన్ కూడ గుడిలో పాట నేర్చినవారే. శిక్షణ ఇచ్చినది సంఘము, తీర్పు తీర్చినది టెలివిజన్.

మాండీసా అప్పటికి కొత్తవారు కారు. పేరున్న గాయకుల వెనుక వంత పాడి, బెత్ మూర్ నిర్వహించిన వాక్యధ్యాన కూడికల ఆరాధన బృందములో సేవ చేశారు. షికాగోలో జరిగిన ప్రాథమిక ఎంపికలో ఆమె పాట అందరికీ నచ్చింది. ఆమె గది వెలుపలికి వెళ్ళిన తరువాత న్యాయనిర్ణేత సైమన్ కవెల్ ఆమె శరీర పరిమాణమును గూర్చి, ఈసారి పెద్ద వేదిక కావలెనేమో అను అర్థము వచ్చునట్లు ఎగతాళి చేశాడు. 2006 జనవరిలో ప్రసారమైనప్పుడు ఆ మాట దేశమంతయు విన్నది. ఆ మాటలను ఆమెయు ఇతర ప్రేక్షకులతోపాటు టెలివిజన్ లోనే విన్నారు.

కొన్ని వారముల తరువాత న్యాయనిర్ణేతల ఎదుట నిలిచినప్పుడు ఆమె ఆ సంగతి తానే ఎత్తారు. ఆ మాట తనను గాయపరచినదని దాచక చెప్పారు. అతడు క్షమాపణ అడుగకపోయినను తాను క్షమించితిననియు, తన పాపముల కొరకు యేసు మరణించగలిగినప్పుడు తానును ఆ కృపను ఇతరులకు చూపగలననియు తెలిపారు. కవెల్ లేచి ఆమెను కౌగిలించుకొని క్షమాపణ కోరాడు. సగటున వారానికి సుమారు 3 కోట్లమంది చూచిన కార్యక్రమమది. అంతమంది ఎదుట క్షమాపణ సిద్ధాంతము అంత సూటిగా వినబడుట అరుదు.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. ఆమె క్షమించుట నిజము, గాయము కూడ నిజము. టెలివిజన్ కు కౌగిలింతతో కథ ముగిసింది. శరీరమును గూర్చిన పోరాటము ఆమెకు దానితో ముగియలేదు. క్షమించినవారు స్వస్థపడియున్నారని అనుకొనుట టెలివిజన్ మాత్రమే చేసిన తప్పు కాదు, సంఘములును చేస్తూ వచ్చిన తప్పు.

మార్చి నెలాఖరున ఆమె 'మేరీ మేరీ' అను గాస్పెల్ జంట పాడిన 'షాకిల్స్' అను పాటను ఎంచుకొన్నారు. సంకెళ్ళ నుండి విడుదలను గూర్చిన పాట అది. ఫిస్క్ లో చదివిన గాయని ఓటు వేదికపై ఆ పాట పాడుట యాదృచ్ఛికమైనా అర్థవంతమైనది. మరుసటి వారము, ఏప్రిల్ 5న, ఆమె పోటీ నుండి వైదొలగవలసి వచ్చింది. ఆ సంవత్సరము విజేత టేలర్ హిక్స్.

4. జయగీతముల కాలము: 2007–2014

2007 జూలైలో స్పారో సంస్థ ఆమె తొలి ఆల్బము 'ట్రూ బ్యూటీ'ని విడుదల చేసింది. అది క్రైస్తవ ఆల్బముల పట్టికలో నేరుగా మొదటి స్థానములోనికి వచ్చింది. గ్రామీ ప్రతిపాదనయు పొందింది. తరువాత 'ఫ్రీడమ్' (2009), 'వాట్ ఇఫ్ వుయ్ వర్ రియల్' (2011), 'ఓవర్‌కమర్' (2013) వచ్చినవి.

ఇచ్చట ఒక మలుపును గమనింపవలెను. నాష్‌విల్ కేంద్రముగా నడిచే 'సమకాలీన క్రైస్తవ సంగీతము' అను రంగము నల్లజాతి గాస్పెల్ సంగీతమునకు భిన్నమైనది. దాని గాయకులును శ్రోతలును అధికభాగము తెల్లజాతివారు, దాని ప్రధాన వాహనము క్రైస్తవ రేడియో. పగటివేళ కారులో పిల్లలతో వెళ్తున్న కుటుంబము వినదగిన, ధైర్యమిచ్చే పాటలకు ఆ రేడియోలో పెద్దపీట. ఇది నింద కాదు, ఆ మాధ్యమము పనిచేసే తీరు. నాలుగు నిమిషములలోపు సమస్య చెప్పి, పరిష్కారము చూపి, పల్లవిలో జయము ప్రకటింపవలెను. మాండీసా గొంతులోని సోల్ బలము ఈ పాటలకు ప్రాణము పోసింది. గొంతు గాస్పెల్ సంప్రదాయమునది, పాట కట్టిన తీరు రేడియోది.

'ఓవర్‌కమర్' అను పాట ఇందుకు శిఖరము. రొమ్ము క్యాన్సర్ తో పోరాడుతున్న తన స్నేహితురాలిని మనస్సులో ఉంచుకొని ఆమె ఆ పాట పాడారు. ఆ స్నేహితురాలు అప్పుడు గర్భవతి. 2014 జనవరి 26న గ్రామీ సభలో ఆ ఆల్బమునకు ఉత్తమ సమకాలీన క్రైస్తవ ఆల్బము పురస్కారము వచ్చింది. ఆ పాటకును పురస్కారము దక్కింది. ఐడల్ పోటీ నుండి వచ్చి గ్రామీ పొందినవారిలో ఆమె అయిదవవారు. అయితే ఆ సభకు ఆమె వెళ్ళలేదు. అటువంటి సభలలో లోక వైభవము వైపు తన మనస్సు లాగబడుట తనకు తెలుసుననియు, అదియు తాను వెళ్ళకపోవుటకు ఒక కారణమనియు తరువాత వివరించారు. కొందరు మెచ్చుకొన్నారు, కొందరు విమర్శించారు.

5. పాట ఆగిన కాలము: 2014–2016

అదే 2014లో ఆ స్నేహితురాలు, బిడ్డను కన్న కొద్దికాలమునకే, మరణించింది. ఆమె స్వస్థపడునని మాండీసా గట్టిగా నమ్మి ప్రార్థించారు. ఎవరి జయము కొరకు పాడారో ఆమెయే లేకుండా పోయినప్పుడు ఆ పాటను వేదిక మీద ఎట్లు పాడవలెను? మాండీసా తీవ్రమైన కృంగుదలలోనికి వెళ్ళారు. ఇంటిలో ఒంటరిగా ఉండి స్నేహితులకు దూరమయ్యారు. మునుపు ఎంతో శ్రమించి 100 పౌండ్లకు పైగా తగ్గించుకొన్న బరువు మరల పెరిగింది. ప్రాణము తీసుకొనవలెనను తలంపు అంచు వరకు వెళ్ళితినని 2017లో ఆమెయే టెలివిజన్ లో బహిరంగముగా చెప్పారు. చివరకు స్నేహితులు పట్టువిడువక ఆమెను వెదకి మాట్లాడారు. ఆమె మానసిక వైద్య సలహా తీసుకొనుటకు అంగీకరించారు.

డార్సీతో పోల్చి చూస్తే ఈ కాలము అర్థమవుతుంది. 1932లో అతనికి ప్రసవ సమయములో మరణము ఎదురైనది, దాని నుండి పాట పుట్టింది. 2014లో మాండీసాకు ఇంచుమించు అట్టి మరణమే ఎదురైనది, దాని వలన పాట ఆగిపోయింది. దీనికి కారణము విశ్వాసములో హెచ్చుతగ్గులని చెప్పుట అన్యాయము. డార్సీ చేతిలో బ్లూస్ ఉన్నది. దుఃఖమును దుఃఖముగానే పాడే రూపము అతనికి అలవాటు. అతడు పాడినప్పుడు ఆ రూపమును గుర్తుపట్టి కూడ ఏడ్చే సంఘము ఎదుట ఉన్నది. మాండీసా చేతిలో అప్పుడు ఉన్నది దేశమంతయు తన నుండి కోరే ఒక జయగీతము.

6. చీకటి నుండి వెలుపలికి: 2017–2024

2017 మేలో 'అవుట్ ఆఫ్ ది డార్క్' విడుదలైనది. ఈ ఆల్బములో ఆమె తన కృంగుదలను దాచలేదు. 'అన్‌ఫినిష్డ్' అను పాట శీర్షికలోనే ఇంకను ముగియని పనిని ఒప్పుకొన్నారు. టోబీమాక్, కిర్క్ ఫ్రాంక్లిన్ లతో కలిసి పాడిన 'బ్లీడ్ ది సేమ్' జాతి విభేదమును గూర్చినది. క్రైస్తవ రేడియో ప్రపంచమునకు ఇది సులభమైన విషయము కాదు. కిర్క్ ఫ్రాంక్లిన్ గాస్పెల్ రంగమునకు చెందినవాడు. విడిపోయిన రెండు ధారలు ఈ పాటలో కొంతసేపైనా కలిసినవి. 2022లో అదే పేరుతో ఆమె తన ఆత్మకథ ప్రచురించి, మానసిక ఆరోగ్యమును గూర్చి సంఘములు మాట్లాడవలెనని కోరారు.

ఆమె మరణవార్త రాగానే, పాత కృంగుదల కథను బట్టి కొందరు తొందరపడి ఊహలు చేశారు. స్మారక కూడికలో ఆమె తండ్రి వాటిని ఖండించారు. తరువాత వచ్చిన వైద్య నివేదిక స్థూలకాయము వలన కలిగిన ఆరోగ్య సమస్యలే మరణమునకు కారణమని తేల్చింది. ఒకని పోరాటమును విన్నవారికి దానిని వాడుకొని ముగింపు వ్రాసే హక్కు లేదు. 2024 ఏప్రిల్ 29న 'అమెరికన్ ఐడల్' వేదికపై మెలిండా డూలిటిల్, కోల్టన్ డిక్సన్, డానీ గోకీ ఆమె స్మృతిగా 'షాకిల్స్' పాడారు. 2006లో ఆమె పాడిన పాట అదే వేదికకు తిరిగి వచ్చింది.

7. వేదాంత పరిశీలన

మొదటిది, కీర్తనల గ్రంథమును గూర్చి. 150 కీర్తనలలో మూడవవంతుకు పైగా విలాపములని పండితులు లెక్కించారు. వాల్టర్ బ్రూగమన్ 1986లో ప్రచురించిన వ్యాసములో, విలాపమును పోగొట్టుకొనిన సంఘము దేవునితో నిజాయితీగా మాట్లాడే శక్తిని కూడ పోగొట్టుకొనునని హెచ్చరించాడు. విలాప కీర్తనలు చాలావరకు స్తుతిలోనికి మళ్ళును. 13వ కీర్తన అట్టిది. కానీ 88వ కీర్తన చీకటిలోనే ముగియును. ముగింపులో స్తుతి లేదని దానిని ఎవరును గ్రంథములో నుండి తీసివేయలేదు. అట్టి పాటకు కూడ ఆరాధనలో స్థానమున్నదని దాని ఉనికియే సాక్ష్యము.

రెండవది, 'జయించువాడు' అను మాటను గూర్చి. ప్రకటన గ్రంథము 2, 3 అధ్యాయములలో ఏడు సంఘములకును ఈ మాట పలుకబడింది. వాటిలో స్ముర్న సంఘము వంటివి చెరయు మరణమును ఎదుర్కొనుచున్న సంఘములు. 12వ అధ్యాయములో జయించినవారు మరణము వరకు తమ ప్రాణములను ప్రేమింపనివారు. కనుక బైబిలు భాషలో జయము అనగా రోగము తొలగుట కాదు, దుఃఖము లేకుండుట కాదు. ఈ అర్థము పట్టుకొంటే స్నేహితురాలి మరణము ఆ పాటను అబద్ధము చేయలేదు. ఆ అర్థమును విడిచిన శ్రోతకే అది అబద్ధముగా కనబడును.

మూడవది, సాక్ష్యమును గూర్చి. టెలివిజన్ పోటీయు మన సాక్ష్య కూడికయు ఒక విషయములో పోలియున్నవి. రెంటికిని ముగిసిన కథ కావలెను. పడిపోయాను, లేచాను, ఇప్పుడు బాగున్నాను అనువానికి వేదిక దొరుకును. ఇంకను పడియున్నవానికి దొరకదు. మన తెలుగు సంఘములలో పాడే యౌవనస్థులు ఎందరో రికార్డింగులు, టెలివిజన్ ఛానళ్ళు, యూట్యూబ్ ద్వారా ప్రసిద్ధులగుచున్నారు. వారి పాట వలన ఆదరణ పొందేవారు, వారు పాడలేని దినమున వారిని ఏమి చేయుదురు? పాట ఆగిన వెంటనే ఆహ్వానములును ఆగిపోవునట్లయితే, మనము ప్రేమించినది గాయకుని కాదు, స్వరమును మాత్రమే. రోమీయులకు 12:15లో సంతోషించువారితో సంతోషించుటయు ఏడ్చువారితో ఏడ్చుటయు ఒకే వాక్యములో ఉన్నవి. మొదటి సగము మాత్రమే పాటించే సంఘము ఆ ఆజ్ఞను పాటించినట్లు కాదు.

ముగింపు

మాండీసా చరిత్రను ఓడిపోయినామె గెలిచిన కథగా చెప్పవచ్చును, గెలిచినామె కూలిన కథగాను చెప్పవచ్చును. రెండును తప్పు. దాస్యములో పుట్టిన పాటకు వారసురాలైన ఒక స్త్రీ, తన కాలపు రెండు గొప్ప వేదికలపై పాడి, ఆ వేదికలకు పట్టని దుఃఖమును 2017 తరువాత తన మాటలలోనే చెప్పిన చరిత్ర ఇది. ఫిస్క్ విద్యార్థులు 1871లో తమ పాటలో విలాపమును వేదిక మీదికి కూడ మోసికొనిపోయారు. డార్సీ 1932లో దానిని సంఘ ఆరాధనలో నిలిపాడు. మాండీసా దానిని ఆలస్యముగా, మిక్కిలి వెల చెల్లించి, మరల కనుగొన్నారు. రాబోవు గాయకులు అంత వెల చెల్లింపకుండునట్లు, ఆదివారపు ఆరాధనలోనే జయగీతము ప్రక్కన విలాపగీతమునకు చోటు ఇచ్చుట కాపరులును గాయక బృందముల నాయకులును చేయదగిన పని.